మాంత్రికుడు చచ్చాడు, రాజు మిగిలాడు

1

మాయలూ మంత్రాలూ ఉన్న సినిమా అనగానే అభ్యుదయ విమర్శకుడు పెదవి విరుస్తాడు. పలాయనవాదం అని ఒక్కమాట అని ఊరుకుంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఒక కథ వాస్తవం నుంచి పారిపోతున్నదని తేల్చినంత మాత్రాన విమర్శ పని పూర్తికాదు. పారిపోయేవాడు దేనికి జడిసి పారిపోతున్నాడు, ఏ దారిన పోతున్నాడు, పోతూ పోతూ ఏం మూటగట్టుకున్నాడు అన్నవి కూడా చూడాలి. మన జనం డెబ్బై ఏళ్ళకు పైగా చూస్తూ వస్తున్న కథలను ఒక్కమాటతో కొట్టిపారేస్తే నష్టపోయేది మనమే.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది జానపద, అద్భుత చిత్రాలలోని ఒకే ఒక్క అంశం: బయటివాళ్ళ ప్రేమ. బయటివాళ్ళు అంటే ప్రేమించిన మనిషి లోకంలో తమకు చోటు లేనివాళ్ళు. ఆస్తి లేకపోవటం వల్లనో, పుట్టుక వల్లనో గడప అవతల నిలబడిపోయినవాళ్ళు. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు. దేవకన్య మనిషిని ప్రేమిస్తుంది. నిజజీవితంలో అసాధ్యమని అందరికీ తెలిసినదాన్ని సాధ్యం చేయటానికే కథలోకి మహిమ వస్తుంది. కాబట్టి మహిమ ఎక్కడ ప్రవేశించిందో అక్కడే సమాజంలో ఒక గోడ ఉన్నదని గుర్తుపట్టవచ్చు.

ఇటువంటి కథ ఎదురైనప్పుడు సాహిత్య విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. గోడ కట్టినవాడెవడు? కథ చివర శిక్ష పడింది ఎవడికి? గోడ దాటినందుకు మూల్యం చెల్లించింది ఎవరు? ఈ మూడింటికీ జవాబు రాబట్టగలిగితే, ఆ కథ ఎవరి పక్షాన ఉన్నదో దానంతట అదే తేలిపోతుంది.

2

మొదట పాతాళభైరవిని తీసుకుందాం. విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం 1951 మార్చి 15న విడుదలయింది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. కాశీమజిలీ కథల వాసనా, అల్లాఉద్దీన్ అద్భుతదీపం ఛాయా రెండూ ఇందులో ఉన్నాయి. ఉజ్జయిని రాజుగారి తోటను చూసుకునే కుటుంబంలోని కుర్రవాడు తోటరాముడు రాకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. పట్టుబడతాడు. తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించుకు వస్తే పిల్లనిస్తానంటాడు రాజు. సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు దిగుతాడు. పాతాళభైరవికి బలి ఇవ్వటానికి అతనికి ఒక సాహసవంతుడు కావాలి. రాముడికి సంపద కావాలి. మాంత్రికుడి కుట్ర తెలుసుకున్న రాముడు అతన్నే బలి ఇచ్చి భైరవి బొమ్మను సంపాదిస్తాడు. మేడ లేస్తుంది, పెళ్ళికి రాజు ఒప్పుకుంటాడు. శిష్యుడి సాయంతో మళ్ళీ బతికిన మాంత్రికుడు బొమ్మను కాజేసి, మేడతో సహా రాకుమారిని ఎత్తుకుపోతాడు. రాముడు వెంటాడి గెలుస్తాడు.

ఈ కథలో బలం ఉంది. బీదవాడి కొడుకు రాకుమారి కళ్ళలోకి సూటిగా చూడవచ్చునని ఈ సినిమా చెప్పింది. నేలబెంచీల మీద కూర్చున్నవాళ్ళు రాముడి సాహసంలో తమ సాహసాన్ని చూసుకున్నారు. ఆ ఆనందం అబద్ధం కాదు. పైగా సాంఘిక చిత్రాలు మొహమాటంతో దాచుకునే ఒక సంగతిని ఈ జానపదం బాహాటంగా చెప్పింది. పెళ్ళికి వెల ఎంతో రాజు నోటితోనే పలికించింది. కట్నకానుకల బేరం ఇంత నిర్మొహమాటంగా తెరమీద వినిపించటం చిన్న విషయం కాదు.

ఇక ప్రశ్నలకు వద్దాం. గోడ కట్టింది రాజు. షరతు పెట్టింది రాజు. రాముడు ఆ షరతును ప్రశ్నించాడా? లేదు. ఒప్పుకున్నాడు. నీ దగ్గర ఇంత సంపద ఎట్లా వచ్చిందని అడగలేదు, నీ అంత సంపద తెస్తానని బయలుదేరాడు. భైరవి బొమ్మ చేసిన పని కూడా ఇంతే. గోడను కూల్చలేదు. గోడ ఎక్కటానికి ఒక్కడికి నిచ్చెన ఇచ్చింది. ఆ ఒక్కడు ఎక్కి అవతలికి దూకగానే నిచ్చెన పని అయిపోయింది. మిగిలిన తోటమాలుల సంగతి కథకు అక్కరలేదు.

ఈ సినిమా విడుదలయిన సంవత్సరం మా నల్లగొండ జిల్లావాళ్ళకు మరొక కారణంగా గుర్తుంటుంది. 1946లో రాజుకున్న తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ఆ పోరాటానికి కేంద్రాలు. దొర గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన మనుషులు అక్కడ దొర అంత ధనవంతుణ్ణి ఎట్లా కావాలని అడగలేదు. భూమి దొరది ఎట్లా అయిందని అడిగారు. ఒకే ఏడాదిలో రెండు ప్రశ్నలు మన ముందున్నాయి. తెరమీది ప్రశ్న: నేను రాజుతో సమానం ఎట్లా కాగలను? పొలంలోని ప్రశ్న: రాజు అనేవాడు ఎందుకున్నాడు? మొదటి ప్రశ్నకు భైరవి బొమ్మ జవాబు చెప్పగలదు. రెండో ప్రశ్నకు ఏ బొమ్మా జవాబు చెప్పలేదు.

మరొక విషయం కూడా గమనించాలి. రాజు అభ్యంతరమంతా రాముడి బీదరికం మీదనే. మన ఊళ్ళల్లో ఇటువంటి పెళ్ళికి అడ్డు వచ్చే మొదటి మాట కులం. ఆ మాట కథలో వినిపించదు. ఎందుకు వినిపించదు? సంపదను బొమ్మ సృష్టించగలదు. కులాన్ని ఏ మహిమా మార్చలేదు. అందుకని కథకుడు తెలిసో తెలియకో కులపు గోడను ధనపు గోడగా మార్చుకున్నాడు. పరిష్కారం చేతిలో ఉన్న సమస్యనే ఎత్తుకున్నాడు.

3

రెండో ప్రశ్న: శిక్ష ఎవరికి పడింది? మాంత్రికుడికి. ప్రేమకు అడ్డుగా మొదట నిలబడ్డ రాజు చివరకు మంచి మామగారై మిగిలాడు. మధ్యలో వచ్చిన మాంత్రికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అతను దుర్మార్గుడు కదా అంటారు. నిజమే, కథకుడు అతన్ని దుర్మార్గుడిగానే సృష్టించాడు. ఎందుకు అట్లా సృష్టించాడన్నదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

పేరును బట్టే అతను నేపాళ మాంత్రికుడు. ఉజ్జయినివాడు కాడు. ఈ వరస పాతాళభైరవితో మొదలయింది కాదు. బుర్రకథలుగా ఊరూరా వినిపించిన బాలనాగమ్మ కథలో ఆమెను ఎత్తుకుపోయేవాడు మాయల మరాఠీ. మాయల ఫకీరు అని కూడా అంటారు. 1942లో జెమినీ సంస్థ తీసిన బాలనాగమ్మలో గోవిందరాజుల సుబ్బారావు ఆ పాత్రతోనే జనాన్ని జడిపించాడు. ఒక పేరు పొరుగు ప్రాంతాన్ని సూచిస్తుంది, ఇంకొకటి అన్యమతాన్ని. అల్లాఉద్దీన్ కథలో కుర్రవాడు ఉండేది చీనాదేశంలో, అతన్ని మోసగించే మాంత్రికుడు వచ్చేది ఎక్కడో పడమట ఉన్న మగ్రిబ్ నుంచి. ఏ దేశం కథ చూసినా మంత్రగాడు పరాయివాడే.

దీని లోగుట్టు తెలుసుకోవటం కష్టం కాదు. తోటరాముడూ బయటివాడే, మాంత్రికుడూ బయటివాడే. ఇద్దరికీ రాజుగారి లోకంలో చోటు లేదు. ఒక బయటివాణ్ణి లోపలికి తీసుకోవటానికి మరొక బయటివాణ్ణి బలి ఇవ్వవలసి వచ్చింది. రాజుమీద రావలసిన కోపమంతా మాంత్రికుడి మీదికి మళ్ళింది. వ్యవస్థ చేసిన నేరాన్ని ఊరుగాని ఊరువాడి నెత్తిన వేయటమనే పాత ఎత్తుగడ ఇది. ప్రేక్షకుడు మాంత్రికుడి తల తెగితే చప్పట్లు కొడతాడు. రాజు పెట్టిన షరతును అప్పటికే మరచిపోయి ఉంటాడు.

తరగతి గదిలో ఈ కథ చెప్పించి చూస్తే సంగతి తెలుస్తుంది. మా పిల్లల్లో ఎవరిని లేపినా మాంత్రికుడి గొంతు అనుకరించి నవ్విస్తారు. రాజు ఏమన్నాడురా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎస్.వి. రంగారావు నటనాపాటవం అందుకు ఒక కారణం. కథ నిర్మాణం రెండో కారణం. గుర్తుండిపోయేటట్టు తీర్చిదిద్దింది మాంత్రికుణ్ణి, గుర్తుండకుండా జారిపోయేటట్టు దిద్దింది రాజును.

ఇది సినిమాకు మాత్రమే పరిమితమైన విషయమయితే ఇంత రాయనక్కరలేదు. తెలంగాణా పల్లెల్లో బాణామతి, చేతబడి అనే నిందలతో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, సజీవంగా దహనం చేశారు. ఆ నిందలు దొరల మీద పడలేదు. ఒంటరి ముసలివాళ్ళమీద, నోరులేని కులాలవాళ్ళమీద పడ్డాయి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు సెల్‌ఫోన్ల ద్వారా రాష్ట్రమంతా పాకినప్పుడు దెబ్బలు తిన్నదీ, చచ్చిపోయిందీ ఊళ్ళోకి కొత్తగా వచ్చిన మనుషులే, బిచ్చమెత్తుకునేవాళ్ళే. మాయల మరాఠీ తెరమీద ఎత్తుకుపోతాడు. ఊళ్ళో ఆ పేరు ఎవరికి తగిలిస్తారో మనకు తెలుసు. మా ప్రాంతంలో సిమెంటు కర్మాగారాల పనికి ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో కూలీలు వస్తున్నారు. భాష రాదు, బంధువులు లేరు. నేపాళ మాంత్రికుడి కథ వింటూ పెరిగిన ఊరు వాళ్ళను ఏ కళ్ళతో చూస్తుందో రచయితలు ఆలోచించాలి.

4

మూడో ప్రశ్నకు దేవకన్యల కథల్లో జవాబు దొరుకుతుంది. పాతాళభైరవిలో గోడ ఆస్తిది. దేవకన్యల కథల్లో గోడ పుట్టుకది. మనిషి ఎంత సంపాదించినా దేవత కాలేడు. కొనటానికి వీల్లేనిది, పుట్టుకతో వచ్చేది, తండ్రి కాపలా కాసేది అయిన ఈ గోడ కులానికి చాలా దగ్గరి పోలిక. అందువల్ల ఈ కథలు తమకు తెలియకుండానే నిజానికి మరికొంత దగ్గరగా వస్తాయి.

ఇది మనకు కొత్త వస్తువు కాదు. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రను విద్యార్థులు గుర్తు చేసుకోవాలి. సిద్ధుడిచ్చిన పాదలేపంతో ప్రవరుడు హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు లేపం కరిగిపోయింది. తిరిగి వచ్చే దారి లేక చిక్కుబడ్డాడు. గంధర్వకాంత వరూధిని అతన్ని కోరింది. అతను కాదన్నాడు, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకున్నాడు. వరూధిని మాత్రం ప్రవరుడి రూపు దాల్చిన గంధర్వుడి చేతిలో మోసపోయింది. పరాయి లోకంలో చిక్కుబడినవాడు మగవాడు, అగ్రవర్ణస్థుడు. అతనికి తిరుగుదారి దొరికింది. ప్రేమించిన ఆడది నష్టపోయింది.

1961లో కె.వి. రెడ్డి, పింగళి కలిసి తీసిన జగదేకవీరుని కథలో సంగతి తిరగబడింది. అక్కడ ఇంద్రుడి కూతురు జయంతి చీరను కథానాయకుడు దాచేస్తాడు. చీర లేనంతకాలం ఆమె భూమి మీద భార్య. చీర చేతికి చిక్కితే తన లోకానికి ఎగిరిపోతుంది. ఈ కథాంశం ప్రపంచమంతా ఉన్నది. స్కాట్‌లాండు, ఐర్లాండు తీరాల జాలరుల కథల్లో సముద్రంలోని సీల్ మృగాలు తోలు విప్పి ఆడవాళ్ళవుతాయి. తోలు దాచినవాడికి భార్యగా ఉంటాయి. ఎన్నేళ్ళకైనా ఆ తోలు దొరికిన రోజున పిల్లల్ని కూడా వదలి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. పుట్టింటి దారి మూసేస్తేనే కాపురం నిలుస్తుందని సమాజానికి లోలోపల తెలుసు. దాన్ని ప్రేమ అని పిలుచుకుంటుంది, అంతే.

1990 మే 9న విడుదలయిన జగదేకవీరుడు అతిలోకసుందరి ఇదే వరసలోది. దర్శకుడు కె. రాఘవేంద్రరావు, నిర్మాత అశ్వనీదత్, మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. సరిగ్గా ఆ రోజే కోస్తాను పెద్ద తుపాను కమ్మింది. అయినా ఆ సినిమాకు జనం వచ్చారు, వస్తూనే ఉన్నారు. ముప్ఫై అయిదేళ్ళ తరువాత 2025లో అదే తేదీన మళ్ళీ విడుదల చేస్తే అప్పటికి పుట్టనివాళ్ళు కూడా చూశారు. ఇంతకాలం నిలిచిన కథను తేలికగా తీసుకోకూడదు.

ఇందులో రాజు టూరిస్టు గైడు. తల్లిదండ్రులు లేని నలుగురు పిల్లల్ని సాకుతున్నాడు. కాలు దెబ్బతిన్న పిల్లకు మందు కోసం హిమాలయాలలోని మానససరోవరానికి వెళతాడు. అక్కడ విహారానికి దిగిన ఇంద్రుడి కూతురు ఇంద్రజ పోగొట్టుకున్న ఉంగరం అతనికి దొరుకుతుంది. ఉంగరం లేనిదే ఆమెకు స్వర్గంలో ప్రవేశం లేదు. ఉంగరం కోసం వెంటపడిన ఆమె, ఆ ఇంట్లో పిల్లల మధ్య మనిషి బతుకు నేర్చుకుంటుంది. ఇద్దరూ బయటివాళ్ళే. అతనికి ఆస్తీ అండా లేవు. ఆమెకు తన లోకపు తలుపు మూసుకుపోయింది. ఉంగరం కన్నా ఆ పిల్లలు విలువైనవాళ్ళని ఆమె తెలుసుకునే క్రమమే ఈ సినిమాలో చెప్పుకోదగిన భాగం. రక్తసంబంధం లేనివాళ్ళు కలిసి ఒక ఇల్లు కట్టుకోవటం పుట్టుకను ఆధారం చేసుకున్న సమాజానికి జవాబు వంటిది. నిర్మాతలు ఆ ఉద్దేశంతో తీశారని నేను అనను. కాని జనం ఆ భాగాన్నే గుండెల్లో పెట్టుకున్నారు.

మూల్యం ఎవరు చెల్లించారు? ఇంద్రజ. ఆమె దేవత్వం వదులుకుని మనిషిగా భూమిమీద మిగిలింది. రాజు వదులుకున్నదేమిటి? వెతికినా కనిపించదు. తక్కువ పుట్టుకవాడితో వెళ్ళిపోయిన ఆడపిల్ల పుట్టిల్లు పోగొట్టుకుంటుందన్న వాస్తవం దేవలోకపు వేషంలో ఇక్కడ తిరిగి వచ్చింది. శిక్ష ఎవరికి పడింది? ఇక్కడా మాంత్రికుడికే. అతని పేరు మహాద్రష్ట. కూతురికి స్వర్గం తలుపు మూసిన ఇంద్రుడి సింహాసనం చెక్కుచెదరలేదు. నలభై ఏళ్ళు గడిచాయి, నలుపు తెలుపు పోయి రంగులు వచ్చాయి. మాంత్రికుడు చచ్చాడు, రాజు మిగిలాడు.

5

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మాయలు లేని వాస్తవిక కథ రాస్తే సరిపోదా అని. మాలపిల్లను గుర్తు చేస్తారు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ చిత్రానికి కథ చలానిది. బ్రాహ్మణ యువకుడికీ మాలపిల్లకూ మధ్య ప్రేమను ఆ రోజుల్లో తెరమీద చూపటం గొప్ప సాహసం. గోడ పేరు కులమని ఆ చిత్రం నేరుగా చెప్పింది. పాతాళభైరవికి లేని ధైర్యం అది.

కాని ముగింపు చూడండి. నిప్పంటుకున్న ఇంట్లో చిక్కుబడిన శాస్త్రిగారి భార్యను హరిజనులు కాపాడతారు. దానితో శాస్త్రిగారి మనసు మారుతుంది. పెళ్ళికి ఆశీస్సులు దొరుకుతాయి. తరతరాల కులవ్యవస్థ ఒక్క ప్రమాదంతో కరిగిపోవటానికి భైరవి బొమ్మకు ఉన్నంత మహిమ కావాలి. హృదయపరివర్తన అనేది గాంధీయుగపు భైరవి బొమ్మ. పైగా మనిషిగా గుర్తింపు పొందటానికి దళితుడు మంటల్లోకి దూకవలసి వచ్చింది. రాముడికి రాజు పెట్టిన షరతుకూ దీనికీ తేడా కొంచెమే. కాబట్టి మహిమ అనేది మాయలున్న కథల్లోనే ఉంటుందని అనుకోకూడదు. వాస్తవికత పేరుతో వచ్చిన కథల్లో కూడా అది మారువేషంలో తిరుగుతుంది. తప్పు అద్భుత రసానిది కాదు. గోడను కట్టినవాణ్ణి తప్పించటానికి దాన్ని వాడుకోవటం తప్పు.

అట్లా కాకుండా వాడుకోవచ్చునా? ఒక పరాయి ఉదాహరణ చూద్దాం. మెక్సికో దేశస్థుడు గియెర్మో దెల్ తోరో తీసిన ద షేప్ ఆఫ్ వాటర్ 2017లో వెనీసు ఉత్సవంలో స్వర్ణసింహాన్నీ, 2018లో ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్ బహుమతులనూ పొందింది. కథ 1962లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జరుగుతుంది. ఎలైసా ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో నేల తుడిచే పనిమనిషి. మూగది. దక్షిణ అమెరికా నది నుంచి పట్టితెచ్చిన ఒక జలచరుడు అక్కడ సంకెళ్ళలో ఉంటాడు. అతనికీ మాట రాదు. మాట లేని ఇద్దరూ సైగలతో దగ్గరవుతారు. అతన్ని చంపి కోసి చూడాలని అధికారులు నిర్ణయిస్తే, ఎలైసా అతన్ని తప్పించి తన ఇంట్లో దాస్తుంది.

అమెరికా సినిమాలో ఇటువంటి జలచరుడు కొత్తవాడు కాదు. 1954లో వచ్చిన క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్ చిత్రంలో అతను రాక్షసుడు. తెల్లజాతి స్త్రీని ఎత్తుకుపోవాలని చూస్తాడు, తూటాలు తింటాడు. మన మాయల మరాఠీకి దూరపు బంధువు. దెల్ తోరో ఆ రాక్షసుణ్ణి తీసుకుని ప్రేమికుణ్ణి చేశాడు. మరి దుర్మార్గుడి స్థానంలో ఎవరిని పెట్టాడు? స్ట్రిక్‌లాండ్ అనే ప్రభుత్వ అధికారిని. పెళ్ళాం, పిల్లలు, మంచి ఇల్లు, కొత్త కారు ఉన్న తెల్లదొరను. అంటే లోపలివాణ్ణి. రాజుగారి మనిషిని. ఎలైసాకు తోడు నిలిచినవాళ్ళు జెల్డా అనే నల్లజాతి పనిమనిషి, పురుషులను ప్రేమించే స్వభావాన్ని లోకానికి దాచుకుని బతుకుతున్న ముసలి చిత్రకారుడు జైల్స్, గూఢచారిగా వచ్చి మనసు మార్చుకున్న రష్యన్ శాస్త్రవేత్త. అందరూ ఏదో ఒక గడపకు బయటివాళ్ళే. ఆ జలచరుణ్ణి విడిపించింది మహిమ కాదు. నేల తుడిచేవాళ్ళకు ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, బట్టల బండి ఏ దారిన పోతుందో తెలుసు. ఆ తెలివీ, వాళ్ళ ఐకమత్యమూ విడిపించాయి. అధికారులు వాళ్ళను మనుషులుగా చూడరు కాబట్టి వాళ్ళమీద అనుమానం కూడా రాలేదు. శ్రమజీవి కంటికి కనిపించకపోవటాన్ని ఆయుధంగా మార్చిన ఆ ఒక్క ఘట్టం కోసం మన రచయితలు ఆ సినిమా చూడాలి.

దీన్ని ఆకాశానికి ఎత్తనక్కరలేదు. చివరకు ప్రేమికులిద్దరూ నీళ్ళలోకి వెళ్ళిపోతారు. ఎలైసా మెడమీది గాయపు మచ్చలు మొప్పలవుతాయి. భూమి మీద వాళ్ళకు చోటు లేదని ఒప్పుకోవటమే అది. ప్రయోగశాల అట్లాగే ఉంది, దాన్ని నడిపించే యుద్ధయంత్రాంగం అట్లాగే ఉంది. ఒక అధికారి పోతే ఇంకొకడు వస్తాడు. అయినా కోపం పోవలసిన దిక్కుకే పోయింది. జలచరుడు సుందరుడైన రాకుమారుడుగా మారలేదు. ఉన్నవాడు ఉన్నట్టే ప్రేమకు అర్హుడయ్యాడు. తోటరాముడికి దక్కని గౌరవం ఇదే. మేడ లేని రాముణ్ణి రాజు ఒక్కనాడూ అల్లుడుగా చూడలేదు.

6

ఆ సినిమాకు ఆస్కార్ బహుమతులు వచ్చింది 2018 మార్చిలో. అదే నెలలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే కుటుంబం కాని, కులపెద్దలు కాని అడ్డుపడటానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆరు నెలలు తిరగకుండానే, 2018 సెప్టెంబరు 14న, మా మేళ్లచెరువుకు పొరుగున ఉన్న మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటికి వస్తున్నాడతను. ఆమెది పైకులం. మొదటి నిందితుడు ఆమె తండ్రి. తీర్పు రాకముందే 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఈ సంఘటనను సినిమా కథల పక్కన పెట్టటం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. పెట్టక తప్పదు. ఎందుకంటే ఆ కథలు దాచిపెట్టినదంతా ఇక్కడ బయటపడింది. అబ్బాయి చదువుకున్నవాడు, కుటుంబం మరీ బీదది కాదు. రాజు అడిగిన షరతు ధనమే అయితే సగం గోడ ఎప్పుడో కూలి ఉండాలి. కూలలేదు. ధనంతో కొనలేని గోడ అది. కత్తి పట్టినవాడు పరాయి రాష్ట్రం నుంచి కిరాయికి వచ్చినవాడు. ఉరిశిక్ష పడింది అతనికే. అతను చేసిన నేరం ఘోరమైనది, సందేహం లేదు. కాని అతనికి ఆ దంపతులతో ఏ పగా లేదు. కత్తి బయటినుంచి వచ్చింది, పగ ఊళ్ళోనే పుట్టింది. మాంత్రికుణ్ణి పిలిపించేది రాజేనన్న ముక్కను మన జానపద చిత్రాలు ఏనాడూ చెప్పలేదు. ఆ తండ్రి పట్ల సానుభూతి చూపినవాళ్ళు, ఊరేగింపు తీసినవాళ్ళు కూడా ఉన్నారు. కన్నకడుపు కదా అన్నారు. మంచి మామగారిగా మిగిలిన ఉజ్జయిని రాజును చూసి చూసి అలవాటుపడిన కళ్ళకు తండ్రి నేరం కనిపించటం కష్టం.

సినిమాలు చూసి హత్యలు జరుగుతాయని నేను చెప్పటం లేదు. కులం సినిమా కన్నా పాతది, భూమితోనూ ఆస్తితోనూ పెనవేసుకున్నది. నేను చెబుతున్నది కోపం గురించి. అన్యాయాన్ని చూసినప్పుడు జనానికి కలిగే కోపం సహజమైన సంపద. దాన్ని ఎటు మళ్ళించాలో కథలు నేర్పుతాయి. మాంత్రికుడి మీదికి మళ్ళించటం మన కథలు బాగా నేర్పాయి. రాజు మీదికి మళ్ళించటం నేర్పవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

యువరచయితలకు మనవి ఒకటే. అద్భుతాన్ని వదిలిపెట్టకండి. జనం దాన్ని వదిలిపెట్టలేదు, వదిలిపెట్టరు. మన ఒగ్గుకథల్లో, చిందు యక్షగానాల్లో, బుర్రకథల్లో అద్భుతం లేనిది ఏది? దాన్ని వ్యాపారులకు అప్పగించి మనం చేతులు దులుపుకున్నాం. తోటరాముడూ నేపాళ మాంత్రికుడూ రాజద్వారం బయట కలుసుకుని, తమ ఇద్దరికీ లోపలికి ప్రవేశం ఎందుకు లేదో మాట్లాడుకునే కథ మనకు లేదు. తన ఉంగరం ఎవరు దాచారో కాక, ఉంగరం లేనిదే తలుపు తెరవని తండ్రిని నిలదీసే ఇంద్రజ కథ లేదు. అప్సరసల మాట అటుంచి, తోటలో పనిచేసే మిగతా మాలుల కథ అసలే లేదు.

అవి రాసేవరకు, ప్రతి కొత్త జానపద చిత్రం ఆఖరి రీలులో మాంత్రికుడి తల తెగిపడినప్పుడు, చప్పట్ల మధ్య ఒక్కసారి సింహాసనం వైపు చూడటం అలవాటు చేసుకుందాం. అక్కడ ఎవరు కూర్చుని ఉన్నారో పిల్లలకు కూడా చూపిద్దాం.